మూడు గుడ్ల దురాయి

21 ఏప్రిల్ 1963, ఆదివారం

ఈ డైరీ జనవరిలో బియ్యం మండీ వాళ్ళు పంచిపెట్టింది. నెగిటివుల నంబర్లు రాసుకుందామని అట్టే పెట్టాను. నంబర్ల సంగతి తర్వాత. ఇవాళ జానెడు పిట్ట ఒకటి నన్ను నిలువునా మోసం చేసింది, అది రాసుకోకపోతే నాకు తోచదు. ఇంట్లో చెప్పుకోవడానికి లేదు. మా ఆవిడ వెంకటశేషమ్మ నవ్వుతుంది. నవ్వి ఊరుకోదు, పక్కింటికి వెళ్ళి అక్కడా నవ్వుతుంది.

దీనికంతటికీ మూలం జయకుమార్ గారు. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే లెక్చరరు. పోయిన వారం పాస్‌పోర్టు సైజు ఫోటో కోసం స్టూడియోకి వచ్చి, గోడ మీది పెళ్ళికూతుళ్ళనీ పెద్దమనుషుల్నీ వరసగా చూసి, "రంగనాయకులు గారూ, పిట్టల్ని ఎప్పుడైనా తీశారా?" అన్నారు. బొంబాయిలో ఏదో సంఘం వాళ్ళు పత్రిక నడుపుతున్నారట. సముద్రపు ఒడ్డు పిట్టల్ని వాటి సహజ పరిసరాల్లో, ఉన్నవున్నట్టు తీసిన ఫోటోలు కావాలట. మన నెల్లూరు తీరం నుంచి ఇంతవరకు ఒక్కటీ పోలేదట. అన్నిటికన్నా కష్టం ఇసుకలో గుడ్ల మీద కూచున్న పిట్టను తీయడమట.

"ఏముందండీ, మనిషైనా పిట్టైనా కదలకుండా కూచుంటే చాలు" అన్నాను. కావలిలో ఇరవై రెండేళ్ళ స్టూడియో నాది, ఆ మాత్రం పొగరు ఉంటుంది.

పొద్దున్నే సైకిలెక్కి, ఉప్పు కాలువ బల్లకట్టు మీద దాటి, సరుగుడు తోటల్లోంచి జాలర్ల పాలెం చేరాను. ఒడ్డున పిట్టలకు కొదవ లేదు. అల వెనక్కి పోతే దాని వెంట పరిగెత్తడం, అల వస్తే దాని ముందు పరిగెత్తడం, ఇదే పని వాటికి. ఒక్కటి మాత్రం నీళ్ళ జోలికి పోకుండా పైన పొడి ఇసుకలో నిలబడి నన్నే చూస్తోంది. ఇసుక రంగు వీపు, తెల్లటి పొట్ట, మెడకు రెండు పక్కలా నల్ల మచ్చ. నేను నాలుగడుగులు వేశానో లేదో, ఉన్నట్టుండి దాని రెక్క విరిగిపోయింది! రెక్క నేల మీద ఈడుస్తూ, ఒక పక్కకు ఒరిగిపోతూ, పడుతూ లేస్తూ పోతోంది. అయ్యో పాపం, పట్టుకుని ఏదైనా కట్టు కడదామని వెంటపడ్డాను. అందినట్టే అందుతుంది, అందదు. రెండు వందల గజాలు వంగి వంగి పరిగెత్తాక శుభ్రంగా రెక్కలు రెండూ విప్పి ఎగిరిపోయింది. నడుం పట్టుకుని, బయల్దేరిన చోటికే తిరిగొచ్చాను.

వెనక పకపకా నవ్వు. చేపల గంప పక్కన దించుకుని ఒక ఆడమనిషి. యాభై ఏళ్ళుంటాయి. కామమ్మ, పాలేనికి పెద్ద, పెద్దకాపు అంటారు, ఆ చిన్నపోలయ్యకు అక్క. నన్నెరుగును, వాళ్ళమ్మ పోయినప్పుడు ఫోటో తీసింది నేనే.

"దాన్ని పట్టకపోదామనే సామీ? అది నిన్ను తోలకపోయింది గానీ! గుడ్లు ఈడుంటే నిన్ను ఆడికి తీసకపోయి ఇడిసింది."

"గుడ్లా? ఎక్కడ?"

"నీ కాలికాడ."

వంగి చూశాను. గవ్వ ముక్కలు, ఎండిన నాచు, ఇసుక. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. కామమ్మ కూచుని వేలు పెట్టి చూపించేదాకా నాకు కనబడలేదు. మూడు గుడ్లు, ఇసుక రంగు మీద నల్ల గీతలు. నెగిటివు మీద వెంట్రుకంత గీత కనిపెట్టే కన్ను నాది!

22 ఏప్రిల్

స్టూడియోలో ఒక పెళ్ళివారి గ్రూపు. అందరినీ నిలబెడుతూ ఉన్నాను కానీ ధ్యాసంతా పిట్ట మీదే. విరగని రెక్కను విరిగినట్టు ఈడ్చడం దానికెవరు నేర్పారు? నేను పరిగెత్తుతుంటే మధ్యమధ్య ఆగి వెనక్కి చూసింది కూడా, వస్తున్నానా లేదా అని.

24 ఏప్రిల్, బుధవారం

గుడ్లకు పన్నెండడుగుల దూరంలో తాటాకులతో చిన్న గూడు వేయించుకున్నాను, మనిషి కూచుంటే తల తగిలేటంత. కెమెరా స్టాండును గుడ్లకు మూడడుగుల్లో పెట్టి గోనెపట్టా కప్పాను. షట్టరు నొక్కే రబ్బరు బుడ్డికి సైకిలు వాల్వు ట్యూబు అతికించి గూటిదాకా లాక్కున్నాను. నొక్కితే అక్కడ టక్కుమంటుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పిట్ట గంటకు వచ్చింది. తిన్నగా రాదు. ఇటు నాలుగడుగులు, అటు నాలుగడుగులు, నాకు గుడ్లూ లేవు ఏమీ లేవు అన్నట్టు. చివరికి వచ్చి కూచుంది.

మధ్యాహ్నం ఇసుక కాలిపోతుంటే ఒక వింత చూశాను. పిట్ట లేచి నీళ్ళ అంచుకు పరిగెత్తింది. అక్కడ పొట్ట ఆనించి తడుపుకుంది. మళ్ళీ పరిగెత్తుకొచ్చి తడి పొట్టతో గుడ్ల మీద కూచుంది. అరగంటకొకసారి ఇదే పని. గుడ్లు వెచ్చగా పెట్టడానికి కదా కూచునేది, తడపడం దేనికి? కామమ్మను అడిగితే, "ఎండకు నీ నెత్తిన తుండుగుడ్డ దేనికి తడుపుకున్యావు సామీ?" అంది. జయకుమార్ గారిని అడిగితే కాసేపు ఆలోచించి ఆయనా అదే చెప్పారు, ఇంగ్లీషులో.

దాని పేరు కెంటిష్ ప్లోవరట. పాలెంలో ఇసిక పిట్ట అంటారు.

26 ఏప్రిల్, శుక్రవారం

కొంప మునిగింది. కవళ్ళ చేపలు గుంపులుగా ఒడ్డుకొచ్చాయట. సోమవారం నుంచి అలివి వల లాగుతారు. ముప్పై నలభై మంది తాడు పట్టుకుని వెనక్కి నడుస్తూ లాగే వల అది. ఎప్పుడూ లాగేది సరిగ్గా ఈ చోటేనట. గుడ్లు మిగలవు.

చిన్నపోలయ్య ఇంటికి వెళ్ళాను. గోడ మీద వాళ్ళమ్మ మాలకొండమ్మ ఫోటో, పూలదండ. రెండేళ్ళ కిందట ఆమెను కుర్చీలో కూచోబెట్టి, పోయాక తీసిందే. మూసిన కళ్ళను నెగిటివు మీద పెన్సిలుతో, ప్రింటు మీద బ్రష్షుతో తెరిపించాను. నా చేతిలో పని అది, నెల్లూరులో కూడా అంత బాగా చేసేవాళ్ళు లేరు. ఇంటికి ఎవరొచ్చినా చిన్నపోలయ్య ముందు అదే చూపిస్తాడు.

సంగతి చెప్పాను. పిట్ట, గుడ్లు, ఫోటో, బొంబాయి పత్రిక. "ఒక మూడు వారాలు ఆ చోటు వదలండి చిన్నపోలయ్యా" అన్నాను.

అతను చాలాసేపు బీడీ కాల్చాడు. "ఆడ కాకపోతే మొగకాడ లాగాల నాయకులన్నా. మొగకాడ అడుగున పాత పడవ మొద్దులుండాయి. దూరం గూడా. నేనొక్కణ్ణే చెప్పేది కాదు, అందరం కూసోని చెప్పాల" అన్నాడు. మొగ అంటే నీళ్ళు సముద్రంలో కలిసే చోటు. ఫోటో వైపు ఒకసారి చూసి, "సూద్దాంలే" అన్నాడు.

28 ఏప్రిల్, ఆదివారం

దురాయి వేశారు! నా ఒక్కడి మాట మీద, నాలుగు గుడిసెల పాలెం మొత్తం. దురాయి అంటే వీళ్ళకు కట్టుబాటు, పోలీసుల మాట కన్నా పెద్దది. గుడ్లకు అటు నలభై గజాలు, ఇటు నలభై గజాలు రెండు గుంజలు పాతి పాత వల ముక్కలు కట్టారు. పిల్లలు పుట్టి పిట్ట వెళ్ళిపోయేదాకా నేను తప్ప ఎవరూ గుంజలు దాటకూడదు, తాడు వేయకూడదు, కుక్కను కూడా వదలకూడదు. వీధి వీధీ తిరిగి కేకేసి చెప్పారు. తప్పితే తప్పు కట్టాలి.

ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను. "పిట్టకా దురాయి?" అని నవ్వింది. నవ్వితే నవ్వనీ.

30 ఏప్రిల్

మొదటి ప్రింట్లు జయకుమార్ గారికి చూపించాను. పిట్ట ఇసుకలో నిలబడి ఉంది, గుడ్లు దాని కాళ్ళ ముందే. ఆయన ఫోటోను దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, "పిట్ట బాగుందండీ. గుడ్లేవీ?" అన్నారు.

చూపుడు వేలితో చూపించాను. "ఓహో, ఇవా! గవ్వలనుకున్నాను."

ఆయనకేం, అనేసి వెళ్ళిపోయారు. చూసేవాడు వేలు పెట్టి చూపిస్తే కానీ చూడలేని ఫోటో నేను ఇంతవరకు తీయలేదు.

2 మే, గురువారం

ఇవాళ్టి పని తృప్తిగా జరిగింది. తప్పు ఎక్కడుందో ఫోటో చూడగానే తెలిసిపోయింది. గుడ్ల చుట్టూ చెత్త. గవ్వ ముక్కలు, నాచు పీచు, పుల్లలు, కళ్ళు ఎక్కడ ఆగాలో తెలియకుండా. స్టూడియోకి వచ్చిన మనిషిని ఎంగిలి గ్లాసుల మధ్య కూచోబెడతామా?

పిట్ట నీళ్ళకు పోయినప్పుడు గూట్లోంచి బయటికొచ్చి గవ్వలన్నీ ఏరేశాను. నాచు తీసేశాను. గంధం పొడి లాంటి సన్న ఇసుక తెచ్చి చుట్టూ పరిచి, రిటచింగు బ్రష్షుతో నున్నగా దువ్వాను. గుడ్లను కూడా కాస్త తిప్పాను, మూడింటి మొనలూ ఒకే వైపు వచ్చేట్టు. ఇప్పుడు చూస్తే గుడ్లు గుడ్లలా ఉన్నాయి, పది గజాల దూరం నుంచి కూడా కనిపిస్తాయి.

పిట్ట రావడానికి చాలాసేపు పట్టింది. చుట్టూ తిరిగింది, తల వంచి చూసింది. తన ఇంటిని గుర్తుపట్టలేదేమో అనిపించి నవ్వొచ్చింది. చివరికి కూచుంది. ఆరు ఎక్స్‌పోజర్లు. సాయంత్రం ఆ ఇసుకను అలాగే వదిలేసి వచ్చేశాను.

3 మే

గుడ్లు లేవు.

3 మే, మళ్ళీ

నున్నటి ఇసుక మీద కాకి అడుగులు, ముద్ర గుద్దినట్టు. పెంకు ముక్క ఒకటి. అంతే.

కాకులు ఎప్పుడైనా వస్తాయి. ఇవాళ కాకపోతే రేపు వచ్చేవి. గవ్వలుంటే మాత్రం రావా? ఈ ఒడ్డున కాకులు ఎన్ని లేవు? నేను అక్కడ కూచున్నంతసేపూ ఒక్కటీ రాలేదు, అది కూడా చూడాలి.

కాకి అడుగుల్ని చేత్తో తుడిచేశాను. ఎందుకు తుడిచానో తెలియదు.

5 మే, ఆదివారం

ఫిలిం కడిగాను. నా జన్మలో ఇంత మంచి ఫోటో తీయలేదు. పిట్ట కంట్లో చిన్న మెరుపు. గుడ్ల మీది గీతలన్నీ లెక్కపెట్టుకోవచ్చు. మూడో గుడ్డు సగం పొట్ట కింద, రెండు బయటికి.

జయకుమార్ గారు చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "రంగనాయకులు గారూ, బొంబాయి వాళ్ళు కళ్ళకద్దుకుంటారు! పిల్లలు ఎప్పుడు పుడతాయి? వాటివీ తీయండి."

"ఇంకో పది రోజులు పడుతుందండీ" అన్నాను. నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

6 మే

వెళ్ళి తాటాకు గూట్లో కూచున్నాను. మధ్యాహ్నం దాకా. గుంజల అవతల నుంచి చూసేవాళ్ళకు నేను ఫోటోలు తీస్తున్నట్టే ఉంటుంది.

7 మే, మంగళవారం

కామమ్మ గుంజ దగ్గర ఆగి కేకేసింది. గుంజ దాటి ఒక్క అడుగు లోపల వేయలేదు.

"పిట్ట బాగుండాదా సామీ?"

"బాగుంది కామమ్మా."

"కూసోని ఉండాదా?"

"ఆఁ, కూచుంది."

ఆమె గంప నెత్తినెత్తుకుని చుట్టూ తిరిగి పోయింది. ఇదివరకు తిన్నగా పోయే దారి, గుంజల వల్ల ఇసుక దిబ్బల పైకి ఎక్కి దిగాలి. ఎండలో ఆ దిబ్బ ఎక్కడం నేను చూస్తూ కూచున్నాను.

పిట్ట ఇక్కడే తిరుగుతోంది, జంటగా. నేను గూట్లోంచి లేచి దాని వైపు నడిచాను, ఏం చేస్తుందో చూద్దామని. రెక్క ఈడవలేదు. పడలేదు, లేవలేదు. మామూలుగా ఎగిరి పక్కన వాలింది. దాచుకోవడానికి దాని దగ్గర ఇప్పుడేమీ లేదు. ఈ ఒడ్డున ఏదో దాచుకుని కూచున్నది నేనొక్కణ్ణే.

రేపు చెప్పాలి. రేపు కాదు, ఎల్లుండి. ఎల్లుండి స్టూడియో మూసుకుని తీరిగ్గా చెప్పాలి.

9 మే, గురువారం

మొగ దగ్గర వల చినిగిపోయింది. పాత పడవ మొద్దుకు పట్టుకుని, చేప చేరే వల సంచి అడుగంతా రెండుగా చీలింది. పొద్దుటి చేపంతా సముద్రంలోకే పోయింది. నేను గూట్లోంచి ఆ కేకలు విని పరిగెత్తాను. చిన్నపోలయ్య నడుంలోతు నీళ్ళలో నిలబడి, చీలిన వల రెండు చేతులతో పట్టుకుని చూస్తున్నాడు. నన్ను చూసి, మళ్ళీ వల వైపు తిరిగాడు.

అందరూ ఒడ్డున వల పరుచుకుని కుట్టడానికి కూచున్నారు, ఆడా మగా. నేను నిలబడ్డాను. ఎవరైనా తిడితే బాగుండేది. ఒక ముసలామె జరిగి నాకు నీడలో చోటిచ్చింది.

అప్పుడు చెప్పాలి కదా! అక్కడే, అప్పుడే చెప్పాలి. సైకిలెక్కి వచ్చేశాను.

ఇంటికొచ్చి చారులో ఉప్పెక్కువైందని మా ఆవిడ మీద ఇంతెత్తున లేచాను. ఉప్పు సరిగ్గానే ఉంది.

10 మే

ఏమీ రాయడానికి లేదు.

11 మే, శనివారం

వెంకటశేషమ్మ స్టూడియోకి క్యారియరు తీసుకొచ్చింది. నేను తినకుండా కూచున్నాను. "పిట్ట ఫోటో చూపించండి, ఊళ్ళో అందరికీ చూపించారట" అంది. చూపించాను. తను అద్దాలు పెట్టుకోలేదు కూడా.

"బాగుంది. కానీ ఇసుక ఇంత నున్నగా ఉందేం? మన స్టూడియోలో మాదిరి."

ఇరవై రెండేళ్ళుగా నా పక్కన ప్రింట్లు ఆరేసిన మనిషి. జయకుమార్ గారికి కనపడనిది దీనికి కనిపించింది. అది నా మొహం చూసి కుర్చీ లాక్కుని కూచుంది.

అంతా చెప్పేశాను. గవ్వలు, బ్రష్షు, కాకి, గుంజలు, చినిగిన వల. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"ఎన్ని రోజులైంది?"

"ఎనిమిది."

"ఎనిమిది రోజులు ఆ గూట్లో ఒక్కరే ఏం చేశారండీ?"

"కూచున్నాను."

"అన్నం తినండి. తిని, రేపు పొద్దున్నే పోయి చెప్పండి. నేను కూడా రానా?"

వద్దన్నాను. అన్నం తిన్నాను.

12 మే, ఆదివారం

చెప్పాను.

వల కుట్టడం అయిపోయి తాళ్ళు సర్దుకుంటున్నారు. చిన్నపోలయ్య, కామమ్మ, ఇంకో పాతిక మంది. నేను సైకిలు పడేసి నేరుగా వాళ్ళ మధ్యకు వెళ్ళి నిలబడ్డాను. దారంతా అనుకుంటూ వచ్చిన మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు.

"గుడ్లు లేవు. కాకి తిన్నది. మూడో తేదీనే. గుడ్లు బాగా కనబడాలని చుట్టూ శుభ్రం చేసింది నేనే. నా మూలాన కాకికి కనిపించాయి. మీకు చెప్పకుండా రోజూ వచ్చి కూచున్నాను. మీ వల చినిగింది కూడా నా మూలానే." ఇదంతా ఒక్క ఊపిరిలో అన్నట్టున్నాను.

ఎవరూ ఆశ్చర్యపోలేదు. నాకది ముందు అర్థం కాలేదు. తాడు చుట్టేవాళ్ళు తాడు చుడుతూనే ఉన్నారు.

"తెలుసు" అన్నాడు చిన్నపోలయ్య.

"ఏం తెలుసు?"

"గుడ్లు పోయిన సంగతి. పోయిన నాడే తెలుసు. కాకి నోట గుడ్డు పెట్టుకోని మా ఇండ్ల మీదగానే పోయింది. అక్క చూసింది."

"మరి... తెలిసీ దురాయి ఎందుకు తీయలేదు? మొగ దగ్గర ఎందుకు లాగారు? వల చినిగేదాకా!"

చిన్నపోలయ్య నా వైపు చూసిన చూపు, ఇంత పెద్దవాడికి ఇది కూడా తెలియదా అన్నట్టుంది. "దురాయి మేం తీసేది కాదు నాయకులన్నా. ఎవరు అడిగి ఏపిచ్చినారో వాళ్ళే ఒచ్చి, నా పని అయిపోయింది తీయండి అనాల. నువ్వు అనలా. నువ్వు కూసోని ఉండావు. నువ్వు కూసోని ఉంటే మేమెట్ట తీస్తాం?"

"నన్ను అడగొచ్చు కదా!"

"నేనడిగినా గదా సామీ" అంది కామమ్మ. "పిట్ట బాగుండాదా అని. బాగుండాదంటివి. కూసోని ఉండాదంటివి."

నేను ఇసుకలో కూలబడ్డాను. ఏడుపొచ్చింది, రాసుకోవడానికి సిగ్గేం లేదు, ఇది నేను తప్ప చదివేవాళ్ళు లేరు. తొమ్మిది రోజులు. తొమ్మిది రోజులు పాలెం మొత్తం నా ఒక్క మాట కోసం చూస్తూ దిబ్బలెక్కి దిగింది. వాళ్ళ కళ్ళ ముందే, వాళ్ళకు తెలిసిన అబద్ధాన్ని నేను గోనెపట్టా కప్పి కాపలా కాశాను.

ఎవరూ నన్ను లేపలేదు. కాసేపటికి నేనే లేచి, "నా పని అయిపోయింది. దురాయి తీయండి" అన్నాను.

"గుంజలు నువ్వే పీకాల" అన్నాడు చిన్నపోలయ్య. పీకాను. ఒకటి లోతుగా దిగి రాలేదు. ఎవరూ చెయ్యి వేయలేదు, వేయకూడదట. చేతులు గీరుకుపోయాయి.

తర్వాత తప్పు సంగతి మాట్లాడారు. వల ఖరీదు కట్టుకుంటానన్నాను. వాళ్ళలో వాళ్ళు గొణుక్కున్నారు. "దుడ్లు ఒద్దు. ఎన్ని దినాలు నోరు మూసుకున్యావో అన్ని దినాలు తాడు లాగు" అన్నాడు చిన్నపోలయ్య. పాతిక మందీ తలూపారు.

"తొమ్మిది దినాలు. రేపు పొద్దెక్కకముందే రా సామీ" అంది కామమ్మ. "పంచె ఎగ్గట్టుకోని రా, ఆ పేంట్లూ అవీ వేసుకోని రాబాక."

13 మే

తాడు అంటే ఏమిటో ఇవాళ తెలిసింది. చెయ్యి కలం పట్టడం లేదు.

15 మే, బుధవారం

సాయంత్రం స్టూడియోకి వచ్చిన జయకుమార్ గారికి కూడా చెప్పాను. ఆ మంచి ఫోటో బొంబాయికి పంపకూడదన్నాను. ఆయన బాధపడ్డారు, చాలాసేపు దాన్నే చూశారు. ఆ తర్వాత నా సొరుగు వెతికి మొదట తీసిన ప్రింటు బయటికి తీశారు, గుడ్లు కనపడనిది. "ఇదే పంపుదాం. గుడ్లు ఇలా కనపడకుండా ఉండబట్టే కదా ఈ పిట్టలు ఇంకా ఉన్నాయి. నాకప్పుడు తట్టలేదు" అన్నారు.

స్టూడియో పొద్దున్న పూట మూసే ఉంటోంది. వెంకటశేషమ్మ వచ్చి కూచుని, "ఆయన వల లాగడానికి పోయారు" అని వచ్చినవాళ్ళకు చెబుతోందట. నలుగురూ నవ్వుతున్నారట.

18 మే

తాడు లాగేవాళ్ళను చూసి పిట్టలు బెదరవు! కెమెరా పట్టుకుని మోకాళ్ళ మీద పాక్కుంటూ వెళితే యాభై గజాల్లోనే లేచిపోయేవి, ముప్పై మందిమి అరుచుకుంటూ వెనక్కి నడుస్తుంటే నా మడమల పక్కనుంచి పరిగెత్తుతున్నాయి. వాటి కాళ్ళ ముద్రలు కూడా చూశాను, మూడే వేళ్ళు, వెనక వేలు లేదు. ఎందుకో? జయకుమార్ గారిని అడగాలి.

21 మే, మంగళవారం

తొమ్మిదో రోజు. తప్పు తీరిపోయింది. అయినా ఇంకో రెండు రోజులు వస్తానన్నాను, చేతులకు ఇప్పుడిప్పుడే కాయ కాస్తోంది.

వల సగం వచ్చింది. తాడు పట్టుకుని దక్షిణం వైపు జరుగుతున్నాం. పాత చోటుకు అటు పక్క, అరవై గజాలుంటుందేమో. వరసలో ముందున్నవాళ్ళు ఒకచోట ఏదో గుంట దాటినట్టు పక్కకు జరిగారు. వాళ్ళ వెనకవాళ్ళూ జరిగారు. చంకలో బిడ్డ ఉన్న ఆడమనిషి కూడా జరిగింది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ముప్పై మంది లాగే తాడు ఆ చోట మాత్రం భుజాల మీదికి లేచి, దాటాక మళ్ళీ నడుముకు దిగింది.

"అక్కడ ఏముంది?" అన్నాను నా ముందున్న కామమ్మతో.

ఆమె తాడు ఇంకో చేతికి మార్చుకుంది.

అప్పుడు కనిపించింది నాకు, పిట్ట. వరసకు ముందు, రెక్క ఈడ్చుకుంటూ, ఒరిగిపోతూ.

"కామమ్మా! మళ్ళీ పెట్టిందా? గుడ్లు పెట్టిందా?"

"పెట్టింది" అంది వెనక్కి తిరగకుండా.

"ఎప్పుడు?"

"మేం చూసి నాలుగు దినాలాయ."

"నాలుగు రోజులా? నేను రోజూ మీ పక్కనే ఉన్నాను కదా, ఒక్కరూ చెప్పలేదే?"

"చెప్పబాకండి అని అందరం అనుకున్యాం సామీ."

ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నేనూ కోప్పడేవాణ్ణి.

"ఎందుకని?"

ఆమె తాడు భుజాన సర్దుకుంది. చెప్పనా వద్దా అన్నట్టు ఒక అడుగు వేసింది, ఇంకో అడుగు వేసింది.

"నువ్వు చూస్తే బాగు చేస్తావని."

ఎన్ని ఉన్నాయి, ఎలా ఉన్నాయి, గవ్వలు ఏరి పెట్టుకుందా, నాచు తెచ్చుకుందా, నోటి చివరిదాకా వచ్చాయి అన్నీ. ఆ చోటు వచ్చింది. నా ముందు కామమ్మ పక్కకు జరిగింది. తాడు భుజం మీదికి ఎత్తుకుని నేనూ జరిగాను. తల సముద్రం వైపు తిప్పుకుని, దాటేదాకా అటే చూస్తూ నడిచాను.